నల్లరేగడిలో గాజు తీగ

గుంటూరు నుంచి ఒంగోలుకు జాతీయ రహదారి మీద సుమారు 110 కిలోమీటర్లు. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల దాటుకుంటూ పోయే బస్సుకు రెండు గంటల పైనే పడుతుంది. అదే రోడ్డు వెంట మట్టి కింద ఉన్న గాజు తీగలో వెలుతురుకు అర మిల్లీసెకను చాలు. నా ఉద్యోగమంతా ఈ రూటు మీదే గడిచింది. టెలికం శాఖలో టెక్నీషియన్‌గా చేరాను. 2000 అక్టోబరు 1న ఆ శాఖ పని బీఎస్ఎన్ఎల్ చేతికి వచ్చింది, మేమూ దానితోపాటే వచ్చాం. 2020 జనవరి 31న దేశవ్యాప్తంగా 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నప్పుడు నేనూ బయటికొచ్చాను. ఆ తర్వాత పల్లెల్లో ఇంటింటికీ ఫైబర్ లాగే కాంట్రాక్టర్ల దగ్గర పోగులు అతికే స్ప్లైసింగ్, ఫాల్ట్ పనులు చూస్తున్నాను. చేతిలో విద్య ఉండగా ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

ఎక్కడికెళ్ళినా కుర్రాళ్ళు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సార్, ఈ తీగలో మొత్తం ఎంత డేటా పడుతుంది?" అని. నేను చెప్పే జవాబు వాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు. మనం వేసిన గాజు మోయగలిగినదంతా మనం ఇంతవరకూ ఏనాడూ వాడలేదు. గాజుకు కొరత లేదు. మనకు డేటా ఆగిపోయేది అతుకు దగ్గర, తవ్వకం దగ్గర, చివర్లో పెట్టిన పెట్టె దగ్గర.

నేను చేరిన కొత్తల్లో గుంటూరు మిర్చి వ్యాపారులకు ఫోన్‌తోనే పొద్దు మొదలయ్యేది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) పోటెత్తే రోజుల్లో బొంబాయిలో, కలకత్తాలో, ఢిల్లీలో ధర ఎలా ఉందో తెలియకుండా ఇక్కడ పాట పాడలేరు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చునేవాళ్ళు. తొందరైతే ఎనిమిది రెట్లు కట్టి లైట్నింగ్ కాల్ పెట్టేవాళ్ళు. ఎస్టీడీ వచ్చాక కూడా సీజన్లో డయల్ చేసి చేసి వేళ్ళు నొప్పి పుట్టేవే తప్ప లైను దొరికేది కాదు. కారణం ఒక్కటే, ఊరికీ ఊరికీ మధ్య దారులు తక్కువ. ఆ రోజుల్లో 140 మెగాబిట్ల ఫైబర్ సిస్టం ఒకటి పెడితే, ఒక పోగు పోవడానికి, ఒక పోగు రావడానికి, ఆ జత మీద ఒకేసారి 1,920 మంది మాట్లాడుకోవచ్చు. మాకది పెద్ద పండగలా ఉండేది. తర్వాత ఎస్‌టీఎం-16 వచ్చింది. రెండున్నర గిగాబిట్లు, 30 వేల పైచిలుకు మాటలు. అప్పుడు కూడా గోతిలోని తీగ మార్చలేదు. స్టేషన్లో కార్డులు మార్చాం, అంతే.

ఈ సంగతి మా వృత్తి బయటివాళ్ళకు సరిగ్గా తెలియదు. రాగి తీగ అయితే ఎక్కువ పంపాలంటే ఎక్కువ జతలు వేయాలి. గాజుకు ఆ బాధ లేదు. అందులోకి ఏ వెలుతురు పంపుతున్నాం, ఎన్ని రంగులు, అంటే ఎన్ని తరంగదైర్ఘ్యాలు, పంపుతున్నాం, అవతల దాన్ని ఎంత నేర్పుగా చదువుతున్నాం అన్నదాన్ని బట్టి అదే పోగు పదింతలు, వందింతలు, వేలింతలు మోస్తుంది.

1966లో చార్లెస్ కావో ఇంగ్లండులో ఒక లెక్క కట్టాడు. గాజులోని మలినాలు తీసేసి కిలోమీటరుకు నష్టాన్ని 20 డెసిబెళ్ళకు దించగలిగితే దాంతో టెలిఫోన్లు నడపొచ్చన్నాడు. 20 డెసిబెళ్ళంటే కిలోమీటరు పోయేసరికి వెలుతురులో నూరో వంతే మిగులుతుంది. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్ళు ఆ గీత దాటారు. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఇవాళ మనం గోతిలో వేసే మామూలు పోగులో 1550 నానోమీటర్ల దగ్గర నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెళ్ళు. నాడు ఒక్క కిలోమీటరులో పోయిందేదో నేడు వంద కిలోమీటర్లకు పోతుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మనిషి ఇంత శుద్ధంగా, ఇన్ని లక్షల కిలోమీటర్ల పొడవున తయారు చేసిన వస్తువు మరొకటి ఉందా అనిపిస్తుంది.

అంత శుద్ధమైన గాజులో కూడా గుంటూరు నుంచి ఒంగోలు చేరేసరికి 22 డెసిబెళ్ళు పోతాయి. రెండేసి కిలోమీటర్ల డ్రమ్ములు అతికిన లైనైతే దారిలో యాభై పైన జాయింట్లుంటాయి. అతుకుకు 0.05 చొప్పున వేసుకున్నా ఇంకో రెండున్నర, మూడు పోతాయి. మొత్తం 25 అనుకుంటే బయల్దేరిన వెలుతురులో మూడు వందల వంతుల్లో ఒక వంతు ఒంగోలు చేరినట్టు. పాత పద్ధతిలో ఇలా నీరసించిన కాంతిని మధ్య స్టేషన్లో దింపి, కరెంటుగా మార్చి, శుభ్రం చేసి, మళ్ళీ లేజరుతో కాంతిగా మార్చి పంపేవాళ్ళం. ఒక రంగుకు ఒక పెట్టె. నలభై రంగులు పంపాలంటే ప్రతి స్టేషన్లో అటూ ఇటూ నలభై పెట్టెలు, వాటికి మైనస్ 48 వోల్టుల బ్యాటరీలు, వాటి వేడి తట్టుకోవడానికి ఏసీలు, ఏసీలకు జనరేటరు, జనరేటరుకు డీజిలు. మే నెలలో మా ఎండలకు ఆ గదులు ఎలా ఉండేవో అందులో డ్యూటీ చేసినవాళ్ళకే తెలుసు.

ఆ తిప్పలు తప్పించింది ఎర్బియం అనే లోహం. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయేల్ డెసర్వైర్ బృందం చూపించిన పద్ధతి ఇది. కొన్ని మీటర్ల గాజు పోగులో ఎర్బియం కలిపి, పక్క నుంచి లేజరు శక్తి ఎక్కించి పెడితే, దాని గుండా పోయే నీరసపు కాంతి బలం పుంజుకుంటుంది. కరెంటుగా మార్చే పనే లేదు. ఒకటి కాదు, ఆ పట్టీలో ఉన్న ఎనభై రంగులూ ఒకేసారి బలపడతాయి. నలభై పెట్టెలుండే చోట ఒక చిన్న యాంప్లిఫయరు చాలు. ఒకే పోగులో ఇలా ఎన్నో రంగులు పంపడాన్ని డీడబ్ల్యూడీఎం అంటారు, ఆ మాట మాకు అప్పుడే అలవాటైంది.

తర్వాతి మెట్టు రోడమ్. పది ఊళ్ళ మీదుగా పోయే లైనులో ఫలానా రంగు నరసరావుపేట వైపు దిగాలి, మిగతావి ముందుకు పోవాలి అనుకోండి. మునుపు మనిషి వెళ్ళి ప్యాచ్‌కార్డులు మార్చాలి. రోడమ్‌లో రంగుల్ని గ్రేటింగుతో విడదీసి ఒక చిన్న లిక్విడ్ క్రిస్టల్ పలక మీద పడేస్తారు. ఆ పలక మీది చుక్కలు ఏ రంగును ఏ దారికి మళ్ళించాలో ఆ దారికి మళ్ళిస్తాయి. ఎక్కడో కంట్రోల్ రూములో కూర్చున్నాయన కీబోర్డు మీద నొక్కితే ఇక్కడ కాంతి దారి మారుతుంది. వెలుతురు వెలుతురుగానే వచ్చి వెలుతురుగానే పోతుంది. ఆల్ ఆప్టికల్ అంటున్నది దీన్నే.

అయితే దీనికీ ఒక హద్దుంది. రంగును మొత్తంగా మళ్ళించడం వచ్చింది గానీ, ఆ రంగులో కలిసిపోయిన లక్షల మంది డేటా ప్యాకెట్లను ఏరి ఎవరిది వాళ్ళకు పంపడం ఇంకా కాంతితో కుదరలేదు. ఆ పని చేయాలంటే ప్యాకెట్‌ను క్షణకాలం ఆపి చిరునామా చదవాలి. వెలుతురును నిలబెట్టి ఉంచే జ్ఞాపకశక్తి చిప్పుల్లో ఉన్నంత సులువుగా, చవకగా కాంతికి దొరకలేదు. అందుకే రెండు చివర్లా రౌటర్లు కరెంటుతోనే పనిచేస్తున్నాయి. కాంతి బలం పెంచుకుంటూ పోయినా లాభం లేదు. ఒక స్థాయి దాటితే గాజే స్వభావం మార్చుకుని ఒక రంగును ఇంకో రంగుతో కలుషితం చేస్తుంది.

ఆ హద్దులో కూడా ఎంత చోటుందో చూడండి. ఎనభై రంగులు, రంగుకు వంద గిగాబిట్లు అనుకుంటే ఒక జత పోగుల మీద 8 టెరాబిట్లు. ఇంటికి 15 మెగాబిట్ల చొప్పున ఐదు లక్షల ముప్పై వేల ఇళ్ళు ఒకేసారి వాడుకున్నా సరిపోతుంది. ఇది ఒక్క జత లెక్క. కేబుల్లో 24 పోగులుంటాయి. 2024లో జపాన్‌లోని ఎన్ఐసీటీ పరిశోధకులు బజారులో దొరికే మామూలు పోగు మీదనే, 50 కిలోమీటర్ల దూరం, సెకనుకు 402 టెరాబిట్లు పంపి చూపించారు. గాజుకు కొరత లేదని నేను అంటున్నది ఇందుకే.

ఇక కొరత ఎక్కడో చెప్తాను. కేబుల్ చీల్చి, జెల్లీ తుడిచి, రంగుల వరసలో పోగు బయటికి తీస్తాం. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, నీలిపచ్చ. నిద్రలో లేపి అడిగినా ఈ వరస తప్పు చెప్పను. పైపూత వలిస్తే మిగిలే గాజు 125 మైక్రాన్లు. ఎనిమిది పోగులు పక్కపక్కన పెడితే ఒక మిల్లీమీటరు. ఆ గాజు నడిమధ్యలో వెలుతురు పోయే దారి 9 మైక్రాన్లు మాత్రమే. స్ప్లైస్ చేయడమంటే రెండు వైపుల నుంచి ఆ 9 మైక్రాన్ల దారుల్ని ఎదురెదురుగా నిలబెట్టి, కరెంటు నిప్పురవ్వతో కరిగించి ఒకటి చేయడం. ముందు స్లీవు తొడగాలి, తర్వాత ఆల్కహాలుతో తుడవాలి, క్లీవర్లో నిటారుగా తెంపాలి. తెగిన మొహం ఒక డిగ్రీ వాలినా మిషను ఒప్పుకోదు.

మా ప్రాంతంలో ఈ పనికి శత్రువులు రెండు. మొదటిది మిరప. జనవరి దాటితే చేల పక్కన మిరప కల్లాలు పడతాయి. ఎర్రగా ఆరబోసిన కాయల మీదుగా వచ్చే గాలికి ముక్కు, కళ్ళు మండిపోతుంటాయి. తుమ్మితే చేతిలో పోగు విరుగుతుంది. రెండోది పత్తి. జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలి నిండా నూగే. ఒక్క పత్తి నూగు పోగు మందం పది, ఇరవై మైక్రాన్ల మధ్య ఉంటుంది, అంటే మన వెలుతురు దారి కంటే అదే లావు. అది పోయి మిషన్లోని వీ గాడిలో పడిందంటే గాజు పక్కకు ఒరుగుతుంది, అతుకు వంకర పోతుంది. ఎంత ఉక్కపోసినా సరే, జీపు అద్దాలు ఎక్కించుకుని, లేకపోతే టార్పాలిన్ గుడారం దింపుకుని లోపల కూర్చుని పనిచేస్తాం. కొత్త కుర్రాళ్ళకు ముందు నేను నేర్పేది మిషను తిప్పడం కాదు, చేతులు కడుక్కోవడం, తెంపిన గాజు ముక్కల్ని సీసాలో వేయడం. కింద పడేస్తే అవి అరికాల్లో దిగుతాయి, కంటికి కనపడవు.

అతుకు బాగుందో లేదో చెప్పేది ఓటీడీఆర్. పోగులోకి కాంతి కొట్టి, వెనక్కి చెదిరి వచ్చే వెలుతురు ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం గీస్తుంది. పోయి రావడం కలిపి మైక్రోసెకనుకు వంద మీటర్లు. ఇందులో ఒక చిక్కుంది, నేర్పకపోతే కుర్రాళ్ళు మోసపోతారు. రెండు వేర్వేరు కంపెనీల పోగులు అతికితే ఒక వైపు నుంచి చూసినప్పుడు అతుకు దగ్గర కాంతి పెరిగినట్టు గీత పైకి లేస్తుంది. అతుకులో కాంతి ఎక్కడా పెరగదు. అవతలి వైపు నుంచి కూడా కొట్టి, రెండింటి సగటు తీసుకుంటేనే నిజం తెలుస్తుంది. ఇంకో చిక్కు దూరం. ట్యూబులో పోగు మెలికలు తిరిగి ఉంటుంది, ప్రతి జాయింటు గుంతలో పది మీటర్ల లూపు చుట్టి వదులుతాం. ఓటీడీఆర్ ఏడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లన్నంత మాత్రాన రోడ్డు మీద ఏడు నాలుగు వందల దగ్గర తవ్వితే తీగ తెగిన చోటు దొరకదు.

మార్టూరు దాటాక ఒక మిర్చి సీజన్లో పెద్ద కట్ వచ్చింది. రెండు దారులున్న రింగు అది. ఒక చేయి తెగితే రెండో చేయి మీదుగా ట్రాఫిక్ పోవాలి. పోలేదు. వెళ్ళి చూస్తే ఆ చోట కొంత మేర రెండు కేబుళ్ళూ ఒకే గోతిలో ఉన్నాయి. కాగితం మీద రింగు, నేలలో ఒంటి దారి. ఇలా కట్టిన రింగులు నేను ఎన్నో చూశాను. రెండో గొయ్యికి అయ్యే ఖర్చు మిగుల్చుకుంటారు, ఆ మిగులు మూల్యం ఊళ్ళన్నీ కలిసి ఒకే పూటలో కడతాయి. ఓటీడీఆర్ చెప్పిన చోట చేలగట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే ఆ చేను రైతు వచ్చాడు.

"ఏంది బాబూ, నా చేలో ఏం ఎతుకుతుండారు?"

"ఫైబర్ తెగింది పెదనాన్నా. ఇక్కడ ఈ మధ్య ఎవరన్నా తవ్వారా?"

"పొద్దుగూకే ముందు పొక్లెయిన్ వచ్చిందయ్యా, పైపు కోసం. అదిగో ఆ తుమ్మ చెట్టు కాడ. పూడ్చేసి కూడా పోయారు."

ఆయన చూపించిన చోటు మేము వెతుకుతున్న చోటికి నలభై అడుగుల దూరం. మట్టి తీస్తే రెండు డక్టులూ చీలిపోయి ఉన్నాయి. తెగిన తీగ అక్కడికక్కడ అందదు, అటూ ఇటూ కొంత మేర సాగి లోపల కూడా విరిగి ఉంటుంది. కొత్త కేబుల్ ముక్క వేసి రెండు జాయింట్లు చేయాలి. రెండు కేబుళ్ళకు నాలుగు జాయింట్లు, కేబుల్‌కు 24 పోగుల చొప్పున 96 అతుకులు. ట్రాఫిక్ ఉన్న పోగులు ముందు అతికి, మిగతావి తెల్లారేలోపు పూర్తి చేశాం. పొద్దున యార్డులో ఈ-నామ్ ఆన్‌లైన్ బిడ్డింగు వేళకు లైన్లు నిలబడ్డాయి. కానీ ఆ రాత్రి వేసిన నాలుగు జాయింట్లూ ఆ రూటులో శాశ్వతంగా ఉండిపోతాయి. ప్రతి కట్ లైనుకు రెండు అతుకులు కలుపుతుంది. పదేళ్ళు తవ్వకాలు తిన్న రూటులో కాంతికి మిగులు ఉండదు, వంద గిగాబిట్ల కార్డు కొనిపెట్టినా నడవదు. పెట్టెలు కొనడానికి కోట్లు ఖర్చు చేసేవాళ్ళు ఈ ఒక్క లెక్క చూసుకోవాలి.

తవ్వకాల సంగతి అలా ఉంచితే, మా నల్లరేగడి నేల స్వభావం వేరు. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటుంది, చెయ్యి దూరేంత. వానకు ఉబ్బి మూసుకుంటుంది. ఏటా ఈ కదలికకు తక్కువ లోతులో వేసిన డక్టు నలుగుతుంది, వంగుతుంది. పోగు తెగకపోయినా వంపు దగ్గర కాంతి బయటికి కారిపోతుంది. 1310 నానోమీటర్ల దగ్గర బాగానే కనిపించి 1550 దగ్గర నష్టం చూపిస్తే అది వంపే. మాకు పాత నియమం 1.65 మీటర్ల లోతు. ఆ లోతున వేసిన పాత లైన్లు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తొందరలో మూడడుగులకు వేసినవే ఏటా మమ్మల్ని పిలుస్తున్నాయి.

స్తంభాల మీద వేసే పద్ధతి మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున జరిగింది. ఏపీ ఫైబర్‌నెట్ కింద కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. గోతి తవ్వే ఖర్చు లేకుండా పల్లెకు గాజు చేరిన పద్ధతి అది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దానికి తగ్గ కష్టాలూ ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మేం చూసే లైన్లలో స్తంభాలతోపాటు కేబుల్ కూడా నేలకొచ్చింది. తుపాను ఏటా రాదు. పత్తి కట్టె తగలబెట్టే మంటలు మాత్రం ఏటా వస్తాయి. చేలగట్టున లైను కింద కుప్ప వేసి అంటిస్తే పైనున్న కేబుల్ తోలు కరుగుతుంది, లోపలి ట్యూబు ముడుచుకుంటుంది.

ఊళ్ళోకి వచ్చాక అంతా స్ప్లిటరు మీద ఆధారం. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, కాంతిని పంచడం ఒక్కటే పని. ఒక పోగు వచ్చి 32 ఇళ్ళకు చీలుతుంది, ఒక్కో ఇంటికి ముప్పై రెండో వంతు కంటే కొంచెం తక్కువే అందుతుంది. సాగర్ కుడి కాలువ చివరి భూముల రైతుకు ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. ఎగువన గండి పడితే దిగువన తడవదు. ఊరి మొదట్లో ఒక కనెక్టరు మొహాన దుమ్ము ఉంటే ఊరి చివర ఇంట్లో పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. పవర్ మీటరు పెట్టి మైనస్ 20, 22 డీబీఎం చూపిస్తే నిశ్చింత. మైనస్ 27 దాటితే ఆ ఇంటికి ఏ ప్లాను అమ్మినా పనికిరాదు. నెట్ స్లో అని ఫిర్యాదు వచ్చిన చాలా ఇళ్ళలో నేను చేసింది కనెక్టరు తుడిచి మళ్ళీ పెట్టడమే.

తవ్వేవాళ్ళకు, తవ్వించేవాళ్ళకు ఒక్క మాట. 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ పెట్టింది. ఎక్కడ తవ్వబోతున్నారో అందులో పెడితే ఆ చోట భూమిలో లైన్లున్న సంస్థలకు కబురు పోతుంది. పంచాయతీ పైపు పనికైనా, రోడ్డు పనికైనా, పొలంలో బోరు లైనుకైనా జేసీబీ దించే ముందు అందులో పెట్టండి. ఫోన్ చేతకాకపోతే రోడ్డు పక్కన పాతిన రూటు రాళ్ళు చూడండి, రాయి ఉన్న వరసలో పార పెట్టకముందే ఊళ్ళో లైన్‌మన్‌ను పిలవండి. సర్పంచులు కాంట్రాక్టరుకు పని అప్పగించే రోజునే ఈ షరతు రాయించాలి. పొరపాటున తెగితే పూడ్చేయకండి, గొయ్యి అలాగే ఉంచి చెప్పండి, మేం రాత్రయినా వస్తాం.